ఎండ తెరల స్వయంచాలక గాలి రక్షణ

మోటారుతో తెరుచుకొని, మూసుకొనే ఎండ తెరలను బలమైన గాలి వీచినప్పుడు మనిషి ప్రమేయం లేకుండా చుట్టివేసే ఏర్పాటును స్వయంచాలక గాలి రక్షణ అంటారు. ఇందులో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. అవి గాలివేగాన్ని గాని, గాలి వల్ల తెరకు కలిగే కుదుపును గాని పసిగట్టే సాధనం, ఆ సంకేతాన్ని అందుకొని నిర్ణయం చేసే నియంత్రకం, తెరను చుట్టే మోటారు. ఎండ తెర పలుచని బట్టతో, వెడల్పుగా, గోడ నుండి ముందుకు చొచ్చుకొని ఉంటుంది. గోడ వలె గాలికి ఎదురు నిలిచే బలం దానికి ఉండదు. అందుచేత తెర భద్రత దాని దృఢత్వం మీద కంటే, అది సకాలంలో ముడుచుకోవడం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాలలో ఎండ తీవ్రత, గాలి తీవ్రత రెండూ ఎక్కువే. ఇక్కడ నీడ ఎంత అవసరమో, ఆ నీడనిచ్చే బట్టను గాలి నుండి కాపాడుకోవడమూ అంతే అవసరం. గాలివాన రాగానే విద్యుత్ సరఫరా నిలిచిపోయే ప్రాంతాలలో విద్యుత్తుతో నడిచే రక్షణ ఏర్పాటు ఎలా పనిచేయాలన్నది ఈ విషయంలో ప్రధానమైన ప్రశ్న.

ప్రాంతము, శీతోష్ణస్థితి

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కర్నూలు జిల్లాలో ఉన్నాయి. రెండింటి మధ్య దూరం సుమారు 30 కి.మీ. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడగా, ఈ రెండు పట్టణాలు కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి. ఆదోని 1953 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుండి విడివడి ఆంధ్రలో చేరాయి. ఆదోని పత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు ప్రసిద్ధి. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందింది. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించాడు.

ఈ ప్రాంతం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ వాతావరణ మండలాలలో దీనిని అల్ప వర్షపాత మండలంగా పేర్కొంటారు. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. ఆదోని సుమారు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున సూర్యుడు సంవత్సరంలో రెండుసార్లు, అంటే మే మొదటి వారంలోను, ఆగస్టు రెండవ వారంలోను, మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు ఇంటి ముందు అడ్డంగా చాచిన తెర బాగా ఉపయోగపడుతుంది. ఉదయం, సాయంత్రం తూర్పు, పడమర గోడల మీద పడే ఏటవాలు ఎండను ఆపడానికి నిలువుగా దించే తెరలు కావాలి.

ఇక్కడ తెరలకు ఇబ్బంది కలిగించే గాలులు ముఖ్యంగా రెండు రకాలు.

1. ఋతుపవన గాలులు: జూన్ నుండి ఆగస్టు వరకు నైరుతి, పడమటి దిక్కుల నుండి రోజుల తరబడి వీస్తాయి. వీటి వేగం ఒక్కసారిగా మారదు. కాని తెరను ఎడతెగకుండా కొట్టుకొనేలా చేసి కుట్లను, అతుకులను అరగదీస్తాయి.

2. ఈదురుగాలులు: ఏప్రిల్, మే నెలలలో సాయంత్రం పూట ఉరుములు, మెరుపులతో కూడిన మేఘాల నుండి హఠాత్తుగా దిగివస్తాయి. ముందు దుమారం లేస్తుంది, తరువాత వాన వస్తుంది. ఒక్కొక్కప్పుడు వాన రాకుండా దుమారంతోనే ముగుస్తుంది. తెరలు చిరగడం, చేతులు వంగడం, మేకులు ఊడిరావడం ఎక్కువగా వీటి వల్లనే జరుగుతుంది.

వాతావరణ శాస్త్ర నిర్వచనం ప్రకారం, గాలివేగం హఠాత్తుగా సెకనుకు కనీసం 8 మీటర్లు పెరిగి, 11 మీటర్లకు గాని అంతకు మించి గాని చేరి, కనీసం ఒక నిమిషం పాటు కొనసాగితే దానిని ఈదురుగాలిగా లెక్కిస్తారు. సెకనుకు 11 మీటర్లు అంటే గంటకు సుమారు 40 కి.మీ. చాలా రకాల ఎండ తెరలు తట్టుకోగల వేగం కంటే ఇది ఎక్కువ. అంటే మామూలు తెరకు అతి స్వల్పమైన ఈదురుగాలి కూడా ప్రమాదకరమే.

"గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి" అన్న సామెతలో గాలి రైతుకు సాయం చేసే శక్తి. కళ్ళంలో ధాన్యాన్ని శుభ్రపరిచే అదే గాలి, పక్కనున్న పందిరికి శత్రువు. ఈ ప్రాంతపు వృత్తులు గాలి వేళలను గమనించే నడిచాయి. పడుగును వీధిలో సాగదీసి గంజి పట్టించే పనిని నేతకారులు తెల్లవారుజామున, ఎండా గాలీ ముదరకముందే ముగించుకోవడం సంప్రదాయం.

తెరలలో రకాలు

నీడ కోసం వాడే ఏర్పాట్లను స్థూలంగా ఇలా విభజించవచ్చు.

చలువ పందిరి: గుంజలు పాతి, పైన తాటాకులు, కొబ్బరాకులు, లేదా కొమ్మలు పరచినది. ఆకుల సందుల నుండి గాలి కొంత బయటికి పోతుంది కనుక దీనిపై ఒత్తిడి బట్ట కంటే తక్కువ.

షామియానా, టార్పాలిన్ పట్ట: కర్రలకు, తాళ్ళకు కట్టే బట్ట లేదా ప్లాస్టిక్ కప్పు. పెళ్ళిళ్ళలో, జాతరలలో, సంతలలో, అంగళ్ళ ముందు ఎక్కువగా కనిపించేది ఇదే. గాలి దీని గుండా దూరిపోలేదు.

ఆనింగ్: గోడకు బిగించిన గొట్టానికి బట్టను చుట్టి, అవసరమైనప్పుడు ముందుకు చాపే తెర. మోచేయి వలె మడిచే రెండు లోహపు చేతులు, వాటిలోని స్ప్రింగులు బట్టను బిగువుగా పట్టి ఉంచుతాయి.

నిలువు తెర: కిటికీ లేదా వసారా ముందు పైనుండి కిందికి దిగేది. దీనిలో బట్ట అంచులు రెండు వైపులా లోహపు గాడులలో ఇమిడి ఉండే రకం గాలికి ఎక్కువగా తట్టుకుంటుంది.

పై వాటిలో మొదటి రెండింటిని మనుషులే కట్టి, మనుషులే విప్పాలి. చివరి రెండింటిని చేతి పిడితో గాని, మోటారుతో గాని నడపవచ్చు. స్వయంచాలక గాలి రక్షణ మోటారు ఉన్నవాటికే సాధ్యమైనా, దాని సూత్రాలు అన్ని రకాల తెరలకూ వర్తిస్తాయి.

చరిత్ర

గాలిని బట్టి తెరలను నడిపే విద్య చాలా పాతది. ప్రాచీన రోము నగరంలోని కొలోసియంలో ప్రేక్షకులపై నీడ కోసం పెద్ద పెద్ద బట్ట తెరలు పరిచేవారు. వాటిని నడపడానికి ఓడల తెరచాపలతో అనుభవమున్న నావికులను నియమించారు. గాలిలో బట్టను ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు చుట్టాలో తెలిసినవారు నావికులే కావడం ఇందుకు కారణం.

గాలి బలాన్ని అంచనా వేయడానికి 1805లో బ్రిటిషు నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ ఒక కొలమానాన్ని రూపొందించాడు. ఐర్లండులోని అర్మా ఖగోళ పరిశోధనాలయానికి చెందిన థామస్ రామ్నీ రాబిన్సన్ 1846లో నాలుగు అర్ధగోళాకారపు గిన్నెలతో తిరిగే గాలివేగమాపకాన్ని తయారుచేశాడు. 1926లో కెనడాకు చెందిన జాన్ ప్యాటర్సన్ మూడు గిన్నెల రకాన్ని రూపొందించాడు. నేటి ఆనింగులకు అమర్చే చిన్న గాలివేగమాపకాలు చాలావరకు ఈ నమూనాకు చెందినవే.

చుట్టే గొట్టం లోపలే ఇమిడిపోయే సన్నని గొట్టపు మోటారు వాడుకలోకి రావడంతో తెరలను మీట నొక్కి నడపడం సులభమైంది. ఫ్రాన్సులోని క్లూజ్ పట్టణంలో 1969లో ఏర్పడిన సోమ్ఫీ సంస్థ ఈ రంగంలో పేరుపొందిన వాటిలో ఒకటి. మోటారు వచ్చిన తరువాత గాలి, ఎండ, వాన సూచనలను బట్టి తెర తనంతట తాను కదిలే ఏర్పాట్లు అభివృద్ధి చెందాయి.

తెరపై గాలి బలం

గాలి ఒక తలాన్ని తాకినప్పుడు కలిగే ఒత్తిడి, వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే ఒత్తిడి తొమ్మిదింతలవుతుంది. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది.

5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల చాపు ఉన్న ఆనింగు వైశాల్యం 15 చదరపు మీటర్లు. ఈ ఒత్తిడి మొత్తం తెరపై పడుతుందనుకుంటే ఫలితాలు సుమారుగా ఇలా ఉంటాయి.

గంటకు 28 కి.మీ. వేగం: చదరపు మీటరుకు 36 న్యూటన్లు, మొత్తం తెరపై 55 కిలోల బరువుతో సమానం.
గంటకు 38 కి.మీ. వేగం: చదరపు మీటరుకు 67 న్యూటన్లు, మొత్తం 100 కిలోలు.
గంటకు 49 కి.మీ. వేగం: చదరపు మీటరుకు 111 న్యూటన్లు, మొత్తం 170 కిలోలు.
గంటకు 107 కి.మీ. వేగం: చదరపు మీటరుకు 527 న్యూటన్లు, మొత్తం 800 కిలోలు.
గంటకు 140 కి.మీ. వేగం: చదరపు మీటరుకు 913 న్యూటన్లు, మొత్తం 1,400 కిలోలు.

ఈ బరువు తెర మీదనే ఆగిపోదు. తెర మధ్యభాగం గోడ నుండి ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటుంది కనుక గోడకు బిగించిన మరల వద్ద మీట సూత్రం పనిచేస్తుంది. పై మర, కింది మర మధ్య దూరం 15 సెంటీమీటర్లు అయితే, తెరపై పడిన 100 కిలోల బలం పై మరలను అంతా కలిపి సుమారు ఒక టన్ను బలంతో బయటికి లాగుతుంది. కాంక్రీటు దూలంలో ఈ లాగుడును తట్టుకొనే మరలు బిగించవచ్చు. కాని రాళ్ళు, మట్టి కలిపి కట్టిన పాత మిద్దె ఇళ్ళ గోడలలో అటువంటి మరలు నిలవవు. అటువంటి ఇళ్ళకు గోడపై ఆధారపడే ఆనింగు కంటే నేలలో పాతిన స్తంభాల మీద నిలిచే తెర మేలు.

గాలి కిందినుండి తెరను పైకి ఎత్తినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. మడిచే చేతులు కిందికి వచ్చే బరువును మోయడానికి నిర్మించినవి. పైకెత్తే బలానికి బట్ట వదులై, మరుక్షణం గాలి తగ్గగానే చేతులు ఒక్కసారిగా కిందికి పడతాయి. ఇలా పదేపదే జరిగితే కీళ్ళు విరుగుతాయి.

ప్రామాణికాలు

ఐరోపా దేశాలలో బయటి ఎండ తెరలకు ఇ.ఎన్. 13561 అనే ప్రామాణికం వర్తిస్తుంది. దీని ప్రకారం గాలికి తట్టుకొనే శక్తిని బట్టి తెరలను మూడు తరగతులుగా విభజిస్తారు. 1వ తరగతి తెర గంటకు 28 కి.మీ. వరకు, 2వ తరగతి తెర 38 కి.మీ. వరకు, 3వ తరగతి తెర 49 కి.మీ. వరకు తెరిచి ఉంచదగినవి. ఇవి బోఫోర్ట్ కొలమానంలోని 4, 5, 6 అంకెలకు సమానం. ఈ అంకెలను పరికరం లేకుండా కూడా గుర్తుపట్టవచ్చు. 4 వద్ద దుమ్ము, కాగితం ముక్కలు పైకి లేస్తాయి. 5 వద్ద చిన్న చెట్లు ఊగుతాయి. 6 వద్ద పెద్ద కొమ్మలు కదులుతాయి, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. మోటారుతో నడిచే తెరల విద్యుత్ భద్రతకు ఐ.ఇ.సి. 60335-2-97 అనే అంతర్జాతీయ ప్రామాణికం ఉన్నది.

భారతదేశంలో కట్టడాలపై గాలి భారాన్ని లెక్కించడానికి ఐ.ఎస్. 875 మూడవ భాగాన్ని అనుసరిస్తారు. ఇది 1987లో వెలువడి, 2015లో సవరించబడింది. ఇందులో కర్నూలుకు మూల గాలివేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కి.మీ. ఇది నేల నుండి 10 మీటర్ల ఎత్తున, సగటున 50 సంవత్సరాలకు ఒకసారి రాగల మూడు సెకన్ల విసురుకు సంబంధించిన వేగం. కోస్తాలోని విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు ఇది సెకనుకు 50 మీటర్లు. తాత్కాలిక షెడ్లకు తక్కువ ఆయుర్దాయాన్ని దృష్టిలో ఉంచుకొని 39 మీటర్ల ప్రాంతంలో 0.76 అనే గుణకాన్ని వాడతారు. అప్పుడు కూడా వేగం గంటకు 107 కి.మీ. వరకు ఉంటుంది.

ఈ రెండు ప్రామాణికాలను పక్కపక్కన ఉంచితే అసలు విషయం తెలుస్తుంది. అత్యుత్తమ తరగతి ఎండ తెరకు గంటకు 49 కి.మీ. హద్దు. ఆ తెర బిగించిన ఇంటికి లెక్కలోకి తీసుకొనే వేగం 140 కి.మీ. ఒత్తిడిలో తేడా ఎనిమిదింతలకు పైమాటే. బట్టను దళసరి చేయడం వల్ల, చేతులను లావు చేయడం వల్ల ఈ తేడా పూడదు. తెర మూసుకోవడమే మార్గం.

నిర్మాణము, పనిచేసే విధానము

గాలివేగమాపకం: మూడు గిన్నెలు గాలికి తిరుగుతాయి. ఇరుసుకు ఉన్న అయస్కాంతం ప్రతి చుట్టుకు ఒక విద్యుత్ స్పందనను పుట్టిస్తుంది. సెకనుకు వచ్చే స్పందనలను లెక్కించి నియంత్రకం వేగాన్ని తెలుసుకుంటుంది.

కుదుపు సాధనం: ఇది తెర ముందరి కడ్డీలో అమర్చే చిన్న పెట్టె. కడ్డీ ఎంతగా ఊగుతున్నదో పసిగడుతుంది. గాలివేగమాపకం ఇంటి పైకప్పు మీద గాలిని కొలిస్తే, ఇది తెర అనుభవిస్తున్న కుదుపునే కొలుస్తుంది. సాధారణంగా బ్యాటరీతో పనిచేసి రేడియో ద్వారా సంకేతం పంపుతుంది. అయితే ఇది తెర తెరిచి ఉన్నప్పుడే ఉపయోగపడుతుంది. మూసి ఉన్న తెరను తెరవవచ్చునా, లేదా అన్నది చెప్పలేదు.

నియంత్రకం: గాలివేగం నిర్ణీత పరిమితిని కొద్ది సెకన్లపాటు మించితే తెరను చుట్టమని మోటారుకు ఆజ్ఞ ఇస్తుంది. గాలి తగ్గిన వెంటనే తెరను మళ్ళీ తెరవదు. పది, పదిహేను నిమిషాలు వేచిచూస్తుంది. లేకపోతే విసురు విసురుకూ తెర తెరుచుకొని మూసుకుంటూ మోటారు వేడెక్కిపోతుంది. గొట్టపు మోటార్లలో చాలావరకు సుమారు నాలుగు నిమిషాలు ఏకధాటిగా తిరిగితే వేడికి తమంతట తామే ఆగిపోయే రక్షణ ఉంటుంది. ఆ విధంగా ఆగిన మోటారు చల్లారేవరకు పనిచేయదు. సరిగ్గా అప్పుడే గాలి వస్తే తెరను ఎవరూ మూయలేరు.

ఆజ్ఞల క్రమం: ఎండ సాధనం, వాన సాధనం కూడా ఉన్నప్పుడు ఏ ఆజ్ఞకు ప్రాధాన్యమివ్వాలన్న ప్రశ్న వస్తుంది. అన్ని ఏర్పాట్లలోనూ గాలి ఆజ్ఞకే అగ్రస్థానం ఇవ్వాలి. ఎండ ఎంత తీవ్రంగా ఉన్నా, ఇంట్లోవారు తెరవమని మీట నొక్కినా, గాలి పరిమితి దాటి ఉన్నంతవరకు తెర తెరుచుకోరాదు.

పరిమితిని నిర్ణయించడం

తెర మూసుకోవడానికి కొంత సమయం పడుతుంది. చుట్టే గొట్టం వ్యాసం 78 మిల్లీమీటర్లు అయితే ఒక చుట్టుకు సుమారు 24.5 సెంటీమీటర్ల బట్ట చుట్టుకుంటుంది. మోటారు నిమిషానికి 15 సార్లు తిరిగితే నిమిషానికి 3.7 మీటర్ల బట్ట లోపలికి వెళుతుంది. 3 మీటర్ల తెర పూర్తిగా మూసుకోవడానికి 50 సెకన్ల వరకు కావాలి. ఈదురుగాలి తన పూర్తి వేగాన్ని అందుకోవడానికి అంత సమయం తీసుకోకపోవచ్చు.

కనుక 2వ తరగతి తెర 38 కి.మీ. వరకు తట్టుకుంటుందని నియంత్రకాన్ని సరిగ్గా 38 దగ్గర నిలపడం తప్పు. మూసుకొనే 50 సెకన్లలో గాలి ఇంకా పెరుగుతుందన్న లెక్కతో పరిమితిని తగ్గించి పెట్టాలి. అలాగని మరీ తగ్గిస్తే జూన్ నుండి ఆగస్టు వరకు వీచే ఋతుపవన గాలికే తెర రోజంతా మూసి ఉండి, నీడ లేకుండా పోతుంది. రెండు కాలాలకు రెండు పరిమితులు ఉంచుకోవడం ఇందుకు ఒక పరిష్కారం. ఏప్రిల్, మే నెలలలో ఈదురుగాలులను దృష్టిలో ఉంచుకొని తక్కువ పరిమితి, ఋతుపవన కాలంలో తెర తరగతికి లోబడి కొంత ఎక్కువ పరిమితి పెట్టుకోవచ్చు.

గాలివేగమాపకాన్ని ఎక్కడ అమర్చారన్నది కూడా ముఖ్యం. తెర ఉన్న వైపు గాలి నేరుగా తగిలేచోట దానిని ఉంచాలి. పిట్టగోడ చాటున, నీళ్ళ ట్యాంకు వెనుక, పక్కింటి మేడ నీడలో ఉంచితే అది అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది. ఆదోని వంటి పట్టణాలలో నైరుతి గాలికి అనువుగా ఉంచిన సాధనం, వేరే దిక్కు నుండి వచ్చే వేసవి ఈదురుగాలికి చాటు కాకుండా చూసుకోవాలి.

విద్యుత్ లేనప్పుడు

స్వయంచాలక గాలి రక్షణకు ఉన్న పెద్ద లోపం ఇక్కడే ఉన్నది. ఈదురుగాలికి తీగలు ఒకదానికొకటి తగలడం, కొమ్మలు విరిగి తీగలపై పడడం, ప్రమాదాల నివారణకు ముందుగానే సరఫరా ఆపడం మామూలుగా జరిగేవే. అంటే తెరను మూయవలసిన క్షణంలోనే మోటారుకు విద్యుత్తు అందకపోవచ్చు. సాధనం గాలిని సరిగ్గానే పసిగడుతుంది, నియంత్రకం సరైన ఆజ్ఞే ఇస్తుంది, తెర మాత్రం కదలదు.

దీనికి నాలుగు ఉపాయాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది, చేతి పిడితో తిప్పే వీలున్న మోటారును ఎంచుకోవడం. పిడిని అటక మీద దాచకుండా తెర దగ్గరే గోడకు తగిలించి ఉంచాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి దానిని తిప్పడం తెలిసి ఉండాలి.

రెండవది, ఇన్వర్టరు నుండి మోటారుకు సరఫరా ఇవ్వడం. ఆ ఇన్వర్టరు మోటారు మొదలయ్యేటప్పుడు లాగే విద్యుత్తును భరించగలిగి ఉండాలి.

మూడవది, 24 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడిచే మోటారును చిన్న సౌర ఫలక, బ్యాటరీలతో వాడడం. ఈ ప్రాంతంలో ఎండకు కొదవ లేదు కనుక ఇది అనువైనదే. కాని బ్యాటరీ పాతబడిన సంగతి తెర ఆగిపోయేదాకా తెలియకపోవచ్చు.

నాలుగవది, విద్యుత్తు పోగానే బ్యాటరీ సాయంతో తెర మూసుకొనేలా నియంత్రకాన్ని అమర్చడం. గాలి రాకముందే సరఫరా ఆగినా ఇది పనిచేస్తుంది. సరఫరా పోవడాన్నే గాలి సూచనగా తీసుకోవడం ఇందులోని కిటుకు. దీనివల్ల కొన్నిసార్లు అనవసరంగా నీడ పోతుంది. అయినా చిరిగిన తెర కంటే మూసిన తెర నయం.

ఇదే సూత్రం సంకేతానికీ వర్తిస్తుంది. రేడియో సాధనం నుండి నిర్ణీత సమయంలోపల సంకేతం రాకపోతే "గాలి లేదు" అని కాక "సాధనం పనిచేయడం లేదు" అని భావించి నియంత్రకం తెరను మూయాలి. ఏ భాగం చెడినా తెర మూసిన స్థితికి చేరేలా రూపొందించడమే మంచి గాలి రక్షణ లక్షణం.

నిర్వహణ

గాలివేగమాపకం గిన్నెలు ఎప్పుడూ బయటే ఉంటాయి. ఎర్రమట్టి, నల్లరేగడి దుమ్ము ఇరుసులో చేరితే అవి బరువుగా తిరిగి తక్కువ వేగం చూపుతాయి. సాలెగూళ్ళు, కందిరీగ గూళ్ళు వాటిని పూర్తిగా ఆపివేయగలవు. జిన్నింగు మిల్లుల సమీపంలో ఎగిరే పత్తి నూగు ఇరుసుకు చుట్టుకొనే అవకాశం ఉన్నది. తిరగని గిన్నె నియంత్రకానికి "గాలి సున్నా" అనే చెబుతుంది. అది తప్పని కనిపెట్టే మార్గం తీగలతో కలిపిన సాధారణ ఏర్పాట్లలో ఉండదు.

కాబట్టి వేసవి ఈదురుగాలులకు ముందు, మార్చి నెలలో ఒకసారి, ఋతుపవన గాలులకు ముందు మరొకసారి పరీక్ష చేయడం మంచిది. తెర తెరిచి, గిన్నెలను చేతితో వేగంగా తిప్పితే తెర మూసుకోవాలి. తరువాత విద్యుత్తు ఆపి, పిడితోనో బ్యాటరీతోనో తెరను మూసి చూడాలి. గోడ మరలు వదులైనవేమో, కుట్లు పిగిలినవేమో కూడా అప్పుడే గమనించాలి. బ్యాటరీలను తయారీదారు చెప్పిన గడువులో మార్చాలి.

వాన నీరు కూడా తెరకు భారమే. వాలు చాలనప్పుడు బట్ట మధ్యలో నీరు నిలుస్తుంది. ఒక చదరపు మీటరులో 10 సెంటీమీటర్ల లోతున నిలిచిన నీరు 100 కిలోల బరువు ఉంటుంది. గాలితోపాటు వాన వస్తే ఈ రెండు భారాలూ కలుస్తాయి.

పందిళ్ళకు, షామియానాలకు వర్తింపు

ఈ ప్రాంతంలో జనం మీద నీడనిచ్చే కప్పులలో ఎక్కువ భాగం చేతితో కట్టేవే. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలు శ్రావణ మాసంలో, నైరుతి గాలులు బలంగా ఉండే రోజులలోనే జరుగుతాయి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర జనవరిలో, గాలి నెమ్మదించిన కాలంలో జరుగుతుంది. రెండింటికీ ఒకే విధంగా పందిళ్ళు కడితే సరిపోదు. మే నెలలో పెళ్ళి పందిళ్ళకు ఈదురుగాలి భయం వేరు.

2019 జూన్ 23న రాజస్థాన్‌లోని అప్పటి బార్మేర్ జిల్లా జసోల్‌లో రామకథా ప్రవచనం జరుగుతుండగా గాలివానకు పెద్ద పందిరి కూలింది. పందిరి మీద పడడం వల్ల, విద్యుదాఘాతం వల్ల 14 మంది మరణించారు. గాలికి బట్ట కప్పు కూలడం ఒక ప్రమాదమైతే, కూలిన లోహపు గుంజలలోకి విద్యుత్తు ప్రవహించడం రెండవ ప్రమాదమని ఈ ఘటన తెలిపింది.

మోటారు లేని పందిరికి కూడా మూడు భాగాల సూత్రం వర్తిస్తుంది. సాధనానికి బదులు గాలిని కనిపెట్టుకొని ఉండే ఒక మనిషి కావాలి. దుమారం లేవడం, చిన్న చెట్లు ఊగడం అతనికి గుర్తులు. భారత వాతావరణ శాఖ జారీచేసే తక్షణ హెచ్చరికలు మూడు గంటల వరకు వర్తిస్తాయి. వాటిలో గంటకు 40-50 కి.మీ. గాలులు అని ఉంటే బట్ట కప్పు కింద జనం ఉండరాదనే అర్థం. నియంత్రకానికి బదులు, జనాన్ని బయటికి పంపమని చెప్పే అధికారం ముందుగానే ఒకరికి అప్పగించాలి. మోటారుకు బదులు, ఒక్క లాగుతో విడిపోయే ముడులు, వాటి దగ్గర నిలిచే మనుషులు కావాలి. జనం దాటిపోయిన తరువాతనే కప్పు విప్పాలి, అంతకుముందే విద్యుత్ సరఫరా ఆపాలి. జనరేటరు ఉంటే దానినీ ఆపాలి.

సంబంధిత సాంకేతిక పరిజ్ఞానం

గాలి పరిమితి దాటినప్పుడు ఎదిరించకుండా తప్పుకొనే సూత్రం ఇతర యంత్రాలలోనూ కనిపిస్తుంది. ప్రస్తుత శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి ప్రాంతంలో 1990ల నుండి గాలిమరలు ఉన్నాయి. గాలిమరలు సాధారణంగా సెకనుకు 25 మీటర్ల వేగం దాటితే విద్యుదుత్పత్తి ఆపి నిలిచిపోతాయి. సూర్యుని వెంట తిరిగే సౌర ఫలకలు బలమైన గాలి వీచినప్పుడు గాలికి తక్కువగా తగిలే కోణానికి తిరిగి నిలుస్తాయి. నావికుడు తెరచాప దించడం, రైతు గాలివానకు ముందే కుప్పపై పట్ట బిగించడం, మోటారు తెర చుట్టుకోవడం ఒకే కోవకు చెందిన పనులు. మొదటి రెండింటిలో గాలిని కనిపెట్టేది మనిషి కన్ను. మూడవదానిలో ఆ పని యంత్రానికి అప్పగించినా, ఆ యంత్రం పనిచేస్తున్నదో లేదో చూసుకోవలసిన బాధ్యత మాత్రం మనిషిదే.

ఇవి కూడా చూడండి

ఆదోని
ఎమ్మిగనూరు
గాలివేగమాపకం
బోఫోర్ట్ కొలమానం
నైరుతి ఋతుపవనాలు
షామియానా
గాలిమర